తాళం వేసిన పెళ్ళి బియ్యం

"తాళంచెవి ఇటియ్యరా!"

"ఇవ్వనమ్మా."

"గుండిగల్లో ఎసరు మరిగిపోతన్నది. కట్టెలు అయిపోతన్నయ్యి. పెళ్ళికొడుకు వాళ్ళు వచ్చి కాళ్ళు కడుక్కుంటన్నారు. నువ్వేమో బియ్యం గదికి తాళమేసి, గుమ్మానికి అడ్డంగా కూర్చున్నావు. నిన్నేమనాలిరా?"

"ఏమన్నా అను. ఆ బియ్యం మాత్రం పొయ్యికెక్కదు."

దేవమ్మ చేతిలో ఉన్న తెడ్డు చూసి, ఉల్లిపాయలు తరుగుతున్న ఆడవాళ్ళు చేతులు ఆపేశారు. ఊళ్ళో దొంగల్ని గడగడలాడించే సబ్ ఇన్‌స్పెక్టరు కృపానందం కూడా కొంచెం వెనక్కి జరిగి తలుపుకి ఆనుకున్నాడు. ఉద్యోగం ఎంత పెద్దదైనా తల్లి చేతిలో తెడ్డు తెడ్డే కదా.

నాపరాతిపాడు పాలెం మొత్తానికి పోలీసు ఉద్యోగంలో చేరిన మొదటివాడు కృపానందం. అతని చెల్లెలు రాహేలు పెళ్ళి ఈ రోజే. పెళ్ళికొడుకు నాదెండ్ల దగ్గర బడిపంతులు, బాబూరావు. తెల్లవారకముందే గాడిపొయ్యి తవ్వించి, మూడు గుండిగలకు ఎసరు పెట్టించింది దేవమ్మ. మాంసం కూర ఒక పక్క ఉడుకుతోంది. ఆ వాసనకి పాలెంలో కుక్కలన్నీ పందిరి చుట్టూ చేరి మర్యాదగా కూర్చున్నాయి.

లేనిదల్లా అన్నం. బియ్యం లేక కాదు. ఇంట్లోనే ఉంది, మూడు బస్తాలు, గదిలో, తాళం వెనక.

"నా కొడుకు పోలీసాఫీసరు, నా కూతురి పెళ్ళికి వరన్నం పెడతానని పోయిన ఆదివారం గుళ్ళో నిలబడి చెప్పాను గదరా," అంది దేవమ్మ. ఈసారి గొంతు తగ్గింది. "పాలెంలో ఎవ్వురూ పొయ్యి ముట్టించొద్దన్నాను. పిల్లాజెల్లా అంతా మా పందిట్లోనే తినాలన్నాను. ఇయ్యాళ ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. జ్వరమొచ్చిన ముసలోళ్ళు కూడా మన ఆకు కోసమే కూర్చున్నారు. వాళ్ళకేం పెట్టను? నీ టోపీ పెట్టనా?"

అసలు సంగతి ఇంతమంది ముందు చెప్పలేక కృపానందం తాళంచెవి గుప్పిట్లో బిగించాడు. తల్లి కళ్ళలో నీళ్ళు చూశాడు. అయినా గుమ్మం వదల్లేదు.

అప్పుడు వచ్చింది రాహేలు, తడి జుట్టు తువ్వాలుతో తుడుచుకుంటూ. పెళ్ళికూతురు కాబట్టి లోపల కూర్చోవాలి. కూర్చునే రకమైతే ఈ కథ చెప్పుకోవలసిన పనే ఉండేది కాదు.

"అమ్మా, కాస్త ఆ తెడ్డు కిందపెట్టు. అన్నా, నువ్వు లోపలికి రా. ఏందో నాకు చెప్పు. నా పెళ్ళి గదా, నా అన్నం గురించి నాకు తెలియొద్దా?"

ముగ్గురూ గదిలోకి వెళ్ళారు. తలుపు మూసేలోపల హెడ్ కానిస్టేబులు వీరయ్య కూడా జొరబడ్డాడు. ఆ బస్తాలు తెల్లవారుజామున బండి మీద తోలుకొచ్చిన మనిషి అతనే.

కృపానందం ఒక బస్తా మూతిని మడత విప్పి చూపించాడు. పురికొస కుట్టు మీద ఎర్రటి లక్క, అందులో గుండ్రటి గుర్తు.

"ఇదేందో తెలుసా?"

"గుండీ గుర్తులాగా ఉందే," అంది రాహేలు.

"నా చొక్కా గుండీయే. పోయిన నెల కృష్ణ రేవులో నైజాం వైపు దాటబోతున్న బియ్యం బళ్ళు పట్టుకున్నానా లేదా? స్టేషను ముద్ర చేతిలో లేక, నా గుండీనే లక్కలో ఒత్తాను. మిగతా రెండిటి మీద గీకేశారు. ఇది మడతలో ఉండి తప్పించుకుంది."

దేవమ్మ ఆ గుర్తు మీదికి వంగింది.

యుద్ధం అయిపోయి ఏడాది దాటినా బియ్యం మీద కంట్రోలు పోలేదు. కార్డు మీద ఇచ్చే బియ్యం పావు కడుపుకి కూడా చాలక జనం నానా తిప్పలు పడుతుంటే, రేషను డిపో నడిపే గోపాలకృష్ణయ్య ఆ బియ్యాన్నే బస్తాలకి బస్తాలు రేవు దాటిస్తున్నాడు. ఆ బళ్ళు పట్టుకున్న రోజు నుంచీ సర్కిల్ ఇన్‌స్పెక్టరు ధనుంజయరావు కృపానందాన్ని చులకనగా అబ్బాయ్ అని పిలవడం మొదలుపెట్టాడు. జాగ్రత్త పేరు చెప్పి పట్టుకున్న బియ్యాన్ని మళ్ళీ గోపాలకృష్ణయ్య గోదాములోనే పెట్టించాడు. ఇక పెళ్ళికని దేవమ్మకి మంజూరైన పర్మిటు బియ్యం ఇవ్వకుండా వారం రోజులు తిప్పి తిప్పి, చివరికి ఈ తెల్లవారుజామున ఈ మూడు బస్తాలు పంపించారు.

"వీరయ్య బాబాయ్," అంది రాహేలు, "నువ్వు చెప్పు. వాళ్ళకి వేరే బియ్యం దొరకలా?"

వీరయ్య తలపాగా తీసి చేతిలో తిప్పాడు. పాతికేళ్ళ సర్వీసు. కళ్ళెదుట జరిగింది చూడకుండా ఉండడం అతనికి బాగా అలవాటు.

"దొరక్క కాదమ్మా. ఇదే పంపమన్నారు. ఈ బియ్యం తింటే కేసు తిన్నట్టే. రేపు కోర్టులో పెట్టడానికి గింజ మిగలదు. పట్టుకున్న ఆఫీసరే చెల్లెలి పెళ్ళిలో వండించాడంటే ఇంక నోరెత్తేది ఎవరు? స్టేషన్లో మామూలే ఇది. ఇంతకుముందున్నాయన కొడుకు బారసాలకి కూడా ఇట్టాగే నెయ్యి డబ్బాలు వచ్చినయ్యి. ఆయన తిన్నాడు, హాయిగా ఉన్నాడు." కృపానందం వైపు తిరిగి, "మీరూ తినండయ్యా. చిన్న వయసు. వాళ్ళతో పెట్టుకోబాకండి," అన్నాడు.

"ఇంకేమన్నా చెప్పమన్నారా?" అన్నాడు కృపానందం.

"ఆఁ. చదివింపుల్లో ధనుంజయరావుగారి పేరు అందరికంటే ముందు చదవాలన్నారు. మూడు బస్తాల వరి బియ్యం అని గట్టిగా చదవాలన్నారు. మరీ మరీ చెప్పి పంపారు."

రాహేలు ముఖంలో ఏదో వెలిగింది.

బయట ఎసరు కుతకుతమంటోంది. దేవమ్మ ఆ లక్క గుర్తు మీద వేలు పెట్టి తడిమింది. తర్వాత కొడుకు చొక్కా గుండీ తడిమింది. ఆ గుండీలు రోజూ చింతపండుతో తోమేది ఆవిడే.

"ఈ మాట పొద్దున్నే చెప్పి ఏడవచ్చుగదరా," అంది.

"నువ్వు చెప్పనిస్తేగా."

"వండొద్దులే. తాళమెయ్యి." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నా పరువు సంగతి నేను చూసుకుంటా. బయటికి పోయి, నా పందిట్లో అన్నం లేదని చెప్పొస్తా."

చెప్పడం మాటన్నంత తేలికా? పందిట్లోకి వచ్చిన దేవమ్మ గుంజ పట్టుకుని నిలబడిపోయింది. ఏడాదిగా ఆవిడ ఆ పాలెంలో కొంచెం తలెత్తి నడుస్తోంది. కాదు, నిజం చెప్పాలంటే బాగానే ఎత్తి నడుస్తోంది. ఎవరింట్లోనూ చేబదులు అడగడం మానేసింది. ఇప్పుడు నిలబడి, పిలిచినవాళ్ళకే పెట్టలేనని చెప్పాలి.

ఆవిడ అలా గుంజ పట్టుకుని నిలబడి ఉండగానే, రాహేలు తువ్వాలు నెత్తిమీద కప్పుకుని దొడ్డిదారిన గుడి వైపు పరుగెత్తింది. పెళ్ళికూతురు పెళ్ళికి ముందే గుడికి పరుగెత్తడం చూసి, ఎదురైన ముసలమ్మ "దీనికింత తొందరేందమ్మా!" అని బుగ్గలు నొక్కుకుంది.

గుడి పక్క గదిలో పాస్టరమ్మగారు, అబిదాతో మాట్లాడుతున్నారు. అబిదా పందిరికి పెట్రోమాక్సు దీపాలు అద్దెకిచ్చే సాయిబు పెళ్ళాం. రాహేలు ఊపిరి తీసుకోకుండా జరిగిందంతా చెప్పి, ఆఖరున అడిగింది.

"అమ్మగారూ, పిడికెడు కుండల్లో ఎంతున్నది?"

పిడికెడు కుండ ఆ పాలెంలో ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. వంట చేసేటప్పుడల్లా ఇల్లాలు ఎసట్లో పోయబోయే గింజల్లోంచి ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేస్తుంది. అది దేవుడిది. ఆదివారం గుడికి తెస్తే పాస్టరుగారి కుటుంబం తినేది తిని, మిగిలింది ముట్టకుండా దాస్తారు. పల్నాటి మెట్ట నేల కాబట్టి ఆ కుండల్లో ఉండేవి ఎక్కువగా దంచిన కొర్రలు, ఎక్కడో కాస్త వరి.

పాస్టరమ్మగారు వేళ్ళు మడిచి లెక్కేశారు. "గదిలో రెండు గరిసెలు నిండుగానే ఉన్నయ్యి. ఇళ్ళల్లో ఎట్టాగూ ఉంటది. కానీ మీ అమ్మ ఒప్పుకుంటదా? వరన్నం అని చాటింపేసింది."

"అమ్మని నాకొదిలెయ్యండి."

అబిదా అప్పటికే లేచి కొంగు బిగించింది. "మా ఇంట్లో దేవుడి కుండ లేదుగానీ వండుకునే కుండ ఉందిలే. పా."

కాసేపటికి పాలెం సందుల్లోంచి ఆడవాళ్ళు రావడం మొదలయింది. చంకన కుండలు, ఒళ్ళో మూటలు. ఎవరు మొదలుపెట్టారో ఏమో, గుళ్ళో పాడే పాట ఎత్తుకున్నారు. పెళ్ళికొడుకు వైపువాళ్ళు ఇదేదో ఇక్కడి ఆచారమనుకుని లేచి నిలబడ్డారు.

దేవమ్మ గుంజ వదిలి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"వద్దు! దేవుడి గింజలు నా గుండిగలో పడబాకండి. నేను పెడతానన్నదాన్ని, నేను అడుక్కోను."

"అడుక్కోమని ఎవరన్నారే?" అన్నారు పాస్టరమ్మగారు. "ఏమే దేవమ్మా, నువ్వు పెళ్ళయి వచ్చిన కాణ్ణించీ కుండలో పిడికెడు వేస్తన్నావా లేదా?"

"వేస్తన్నా."

"నీ మొగుడు పోయిన ఏడు, తినడానికి లేనప్పుడు?"

దేవమ్మ కిందికి చూసింది. "అప్పుడూ వేశా."

"మరి అందులో నీ పిడికెడు లేదా? పక్కకి జరుగు, ఎసరు ఇగిరిపోతంది."

దేవమ్మ ఏడ్చింది. దాచుకోకుండా, అందరి ముందూ, హాయిగా ఏడ్చింది. రెండు నిమిషాలు గడవకముందే కళ్ళు తుడుచుకుని, తెడ్డు ఎత్తి, ఎప్పటి గొంతుతో అరిచింది.

"ఏమే, వరి బియ్యం కొర్రల్లో కలపబాకండి! రెండూ ఒకటిగా ఉడకవు. వరి ఆ చిన్న గిన్నెలో పెట్టండి, బాలింతలకీ జ్వరాలోళ్ళకీ. కొర్రలు కడిగారా? ఎవరే ఆ రాళ్ళు ఏరకుండా తెచ్చింది?"

గుమ్మంలో నిలబడి చూస్తున్న కృపానందానికి నవ్వు ఆగలేదు. ఉద్యోగంలో చేరిన తర్వాత అతను అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. వీరయ్య మాత్రం ఒక మూల నిలబడి ఆ కుండలకేసి చూస్తూ ఉండిపోయాడు.

"వీరయ్యా, మజ్జిగ తాగుతావా?" అంది దేవమ్మ.

"ఇప్పుడే తాగొచ్చానక్కా."

ఈ ఏడాదిలో ఎప్పుడు వచ్చినా అతనిదే మాట. కులం పట్టింపుతో పాలెంలో అతను మంచినీళ్ళు కూడా ముట్టడు. దేవమ్మకి తెలుసు. తెలిసీ ప్రతిసారీ అడుగుతుంది.

గుళ్ళో పెళ్ళి చక్కగా జరిగింది. రాహేలు ప్రమాణం చెప్పిన గొంతు విని, బాబూరావు తన వంతు వచ్చేసరికి కాస్త తడబడ్డాడు. పందిట్లో పొగలు కక్కే కొర్రన్నం, దాని మీద గోంగూర మాంసం. పెళ్ళికొడుకు తండ్రి మూడోసారి వడ్డించుకుంటూ, "మా వైపు పెళ్ళిళ్ళలో వరన్నం తిని తిని నాలిక చచ్చిపోయింది వదినగారూ, ఈ రుచి యాడిది?" అన్నాడు. దేవమ్మ మళ్ళీ తలెత్తి నడవడం మొదలుపెట్టింది.

ఎండ వాలుతుండగా కారు వచ్చింది.

సర్కిల్ ఇన్‌స్పెక్టరు ధనుంజయరావు పందిట్లోకి వస్తూనే ముక్కుతో వాసన పీల్చి, ఖాళీ అయిన గుండిగలు చూసి తృప్తిపడ్డాడు. ఆయనకి ముందు వరసలో కుర్చీ వేశారు.

"భోజనం చెయ్యండయ్యా," అంది దేవమ్మ.

"వద్దమ్మా, సోడా చాలు. మీవాళ్ళంతా తృప్తిగా తిన్నారు గదా? అదే నాకు భోజనం." ఆయన కృపానందం భుజం తట్టాడు. "చూశావా అబ్బాయ్, నలుగురితో కలిసి పోతే ఎంత బాగుంటదో! ఏదీ, చదివింపులు కానివ్వండి. మా పేరు ముందు చదవమను."

పాలెంలో చదివింపులు చదివేది సంఘపెద్ద ఇన్నయ్య. ఆయన పందిట్లో చదివితే పొలంలో ఎద్దులు తలెత్తుతాయి. ఆయన గొంతు సవరించుకుని వంగి అడిగాడు.

"ఏమని చదవమంటారయ్యా?"

"మూడు బస్తాల వరి బియ్యం. నేను స్వయంగా పంపానని చదువు. వెనకాల వాళ్ళకి కూడా వినపడాల."

"సర్కిల్ ఇన్‌స్పెక్టరు ధనుంజయరావుగారు స్వయంగా పంపి చదివించినవీ, మూడు బస్తాల వరి బియ్యమో!"

డప్పు మోగింది. జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వరి బియ్యమా? తిన్నది కొర్రన్నం గదా?

అప్పుడు పెళ్ళికూతురు మేలిముసుగు పక్కకి జరిపి, కుర్చీలోంచి గట్టిగానే అంది.

"ఇన్నయ్య తాతా, చదివిన వస్తువు పెళ్ళికూతురి ముందు పెట్టాల గదా? బిందె చదివితే బిందె పెడతారు. పళ్ళెం చదివితే పళ్ళెం పెడతారు. నా బియ్యం యాడ?"

కృపానందం జేబులోంచి తాళంచెవి తీశాడు.

బస్తాలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. కొత్త పెళ్ళికొడుకు బాబూరావే ఒక పక్క పట్టాడు. మూడూ వరసగా రాహేలు కాళ్ళ ముందు నిలబెట్టారు. కృపానందం మూడో బస్తా మడత విప్పి, తన చొక్కా పై గుండీ తెంపి, లక్కలో ఉన్న గుర్తులో పెట్టాడు. అది కుదురుగా కూర్చుంది.

"రేవులో నేను పట్టుకున్న బియ్యం ఇది," అన్నాడు పందిరికేసి తిరిగి. "గోపాలకృష్ణయ్య గోదాములో ఉండాల్సిన బియ్యం. ఇన్‌స్పెక్టరుగారు స్వయంగా పంపారని మీరందరూ విన్నారు. గింజ కూడా పోలేదు. రేపు గురజాల కోర్టులో పెడతాను."

ధనుంజయరావు సోడా సీసా కింద పెట్టేశాడు. "ఏదో పొరపాటు జరిగింది. ఆ బస్తాలు నావి కావు. ఇన్నయ్యా, అది కొట్టెయ్."

"కొట్టెయ్యడానికి రాతకోతలేం లేవయ్యా, నోటితో చదివాను," అన్నాడు ఇన్నయ్య వినయంగా. "చదివింది వెనక్కి చదవడం మా పాలెంలో ఇంతవరకూ లేదు. మా తాత చదివేవాడు, మా నాయన చదివేవాడు. వాళ్ళెవరూ నాకు అది నేర్పలేదు."

పందిట్లో నవ్వులు పువ్వుల్లా కాదు, కంచాలు దొర్లినట్టు పడ్డాయి. డప్పు కొట్టేవాడు ఉండబట్టలేక ఒక దెబ్బ వేశాడు.

ఇన్‌స్పెక్టరు లేచాడు. కృపానందం దగ్గరికి వచ్చి, నవ్వుతున్నట్టే మొహం పెట్టి, మెల్లిగా అన్నాడు.

"గురజాలకి ఇక్కణ్ణించి దోవ చానా ఉందబ్బాయ్. మధ్యలో వాగులున్నయ్యి, తోపులున్నయ్యి. బస్తాలు చేరతయ్యనే అనుకుంటన్నావా?"

మెల్లిగా అన్నా రాహేలుకి వినపడింది. ఆ పిల్ల తెల్ల పెళ్ళిచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని లేచి వచ్చి, మధ్య బస్తా మీద ఎక్కి కూర్చుంది.

"ఇది నా చదివింపు. నాతోనే వస్తది. రేపు మేము గురజాలలోనే గదా రైలెక్కేది? నేను దీని మీద కూర్చుని పోతా. సాగనంపడానికి పాలెమంతా వస్తది. పాటలు పాడుకుంటా పోతాం. వాగు దగ్గర ఎవరన్నా ఆపుతారేమో చూద్దాం."

బాబూరావు వెళ్ళి భార్య పక్క బస్తా మీద కూర్చున్నాడు. పెళ్ళయి నాలుగు గంటలు కాలేదు, కుర్రాడికి అప్పుడే సంసారం అర్థమయిపోయింది.

"బాగానే ఉంది," అన్నాడు ధనుంజయరావు. "బండి తోలేదెవరు? ఈ ఊళ్ళో బళ్ళన్నీ గోపాలకృష్ణయ్యవి. ఆయన్ని కాదని కాడి పట్టేవాడెవడో నేనూ చూస్తా."

ఆ మాట నిజం. కృపానందం అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేవలేదు.

మూలనుంచి కదలిక వినిపించింది. వీరయ్య జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చాడు. తలపాగా తీసి మూడో బస్తా మీద పెట్టాడు.

"నా బండీ నా ఎడ్లూ ఉన్నయ్యి గదయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టరు మొహంలోకి చూడకుండా. "తెచ్చింది నేను. ఎవరు తెమ్మంటే తెచ్చానో కోర్టులో చెప్పేదీ నేనే."

"వీరయ్యా! పింఛను సంగతి ఆలోచించుకో."

వీరయ్య ఆలోచించుకున్నాడు. అది అందరికీ కనపడింది. బస్తా మీద పెట్టిన తలపాగా వైపు ఒకసారి చూశాడు. తర్వాత అతను ఇన్‌స్పెక్టరు వైపు వీపు పెట్టి, పందిట్లో ఖాళీగా ఉన్న వరస దగ్గరికి పోయి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"దేవమ్మక్కా," అన్నాడు. "ఒక విస్తరి వెయ్యి. రేపు దూరం పోవాల."